చెవి గొట్టానికి పాకుడు పడితే..!

ఆపరేషన్ అయి మూడు నెలలైనా కాలేదు. తెల్లారి లేచేసరికి పిల్లాడి దిండు మీద మళ్లీ అదే పసుపు మరక. చెవి కారుతోంది. కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లోంచి బయటికొస్తుంది. (నీళ్లు కలిపిన సిరప్‌ను అన్నాళ్లు దాచకూడదన్నది వేరే సంగతి!) రెండ్రోజులు తగ్గినట్లే ఉండి మళ్లీ మొదలు. 'అంత ఖర్చు పెట్టి గొట్టం వేయించింది ఇందుకేనా?' అని ఇంట్లో పెద్దవాళ్ల సణుగుడు.

ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి చేరవేసే యూస్టేషియన్ నాళం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ఇట్టే మూసుకుపోతుంది. దాంతో కర్ణభేరి వెనక జిగురునీరు చేరుతుంది. చాలామందికి నొప్పి ఉండదు. కానీ పిలిస్తే పలకరు, టీవీ సౌండు పెంచేస్తుంటారు, బడిలో 'పరధ్యానం' అన్న పేరు తెచ్చుకుంటారు. నెలల తరబడి ఆ నీరు పోక వినికిడి తగ్గితే కర్ణభేరికి చిన్న గాటు పెట్టి గొట్టం అమరుస్తారు. దీన్నే గ్రొమెట్ అంటారు. బియ్యపుగింజ కన్నా చిన్నది. సాధారణంగా ఏడాది అటూ ఇటూగా అదే ఊడి వచ్చేస్తుంది.

చిక్కల్లా ఆ గొట్టం మీద బ్యాక్టీరియా కాపురం పెట్టినప్పుడే. కడగని నీళ్లతొట్టి గోడకు చెయ్యి తగిలితే జర్రున జారుతుంది కదా, ఆ పాకుడు లాంటిదే ఇదీ. బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని, తమ చుట్టూ తామే ఓ జిగురు పొర అల్లుకుంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని బయోఫిల్మ్ అంటారు. ఈ పొర లోపలికి మందు సరిగా దిగదు. దిగినా అడుగున కొన్ని బ్యాక్టీరియా నిద్రపోతున్నట్లు ఉంటాయి. పెరిగే క్రిముల మీద బాగా పనిచేసే యాంటీబయాటిక్‌లు వీటిని పెద్దగా ఏమీ చేయలేవు. మందు ఆపగానే అవి లేచి కూర్చుంటాయి.

గొట్టమే కాదు, మధ్యచెవి లోపలి పొర కూడా వీటికి ఆవాసమే. గొట్టాలు వేయించుకుంటున్న 26 మంది పిల్లల చెవుల నుంచి తీసిన 50 నమూనాలను అమెరికా పరిశోధకులు పరిశీలిస్తే 46 నమూనాల్లో బయోఫిల్మ్ కనిపించింది. 2006లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పోల్చిచూడటానికి తీసుకున్న, ఈ జబ్బు లేని వారి నమూనాల్లో మాత్రం కనిపించలేదు. చెవి నీటిని ల్యాబ్‌లో కల్చర్ చేస్తే ఒక్కోసారి ఏ క్రిమీ పెరగకపోవటానికి ఇదో కారణం. పొరలో దాగినవి అంత తేలిగ్గా ల్యాబ్‌లో పెరగవు మరి.

మరి దారేది? గొట్టమే దారి! కర్ణభేరికి రంధ్రం ఉంది కాబట్టి చుక్కల మందు నేరుగా మధ్యచెవిలోకి వెళుతుంది. 0.3 శాతం ఆఫ్లోక్సాసిన్ చుక్కల్లో మిల్లీలీటరుకు 3000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. నోటితో మింగిన మందు ఒళ్లంతా తిరిగి చెవికి చేరేసరికి ఇందులో చాలా కొద్ది భాగమే మిగులుతుంది. నెదర్లాండ్స్‌లో గొట్టం ఉండి చెవి కారుతున్న 230 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు వారాల తర్వాత చూస్తే, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసిన వారిలో ఇంకా కారుతున్నది 5 శాతం మందికే. నోటి మందు తీసుకున్నవారిలో 44 శాతం. ఏ మందూ ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉన్నవారిలో 55 శాతం. అంటే సిరప్ తాగించినా, ఊరుకున్నా పెద్ద తేడా లేదన్నమాట.

చుక్కలు వేసే తీరూ ముఖ్యమే. చెవి నిండా చీము ఉంటే మందు లోపలికి పోదు. అందుకే డాక్టర్లు ముందుగా సక్షన్‌తో శుభ్రం చేస్తారు. ఇంట్లో సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచాలి. చల్లని మందు పడితే పిల్లలకు కళ్లు తిరుగుతాయి. పిల్లాడిని పక్కకు పడుకోబెట్టి చుక్కలు వేశాక, చెవి రంధ్రం ముందుండే బుడిపెను నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. అప్పుడే మందు గొట్టంలోంచి లోపలికి దిగుతుంది. అయితే అన్ని చుక్కల మందులూ ఒకటి కావు. జెంటామైసిన్, నియోమైసిన్ వంటివి లోపలి చెవికి చేరితే వినికిడే దెబ్బతినొచ్చు. పక్కింటివాళ్లు వాడిన సీసా అందుకే వద్దు. వెల్లుల్లి కాచిన నూనె అసలే వద్దు.

ఇంతా చేసినా కారుతూనే ఉంటే గొట్టాన్ని తీసేయక తప్పదు. వేసిన గొట్టాన్ని తీయించటానికి తల్లిదండ్రులకు మనసొప్పదు. కానీ దానికి పట్టిన పొర కూడా దాంతోపాటే పోతుంది. చాలామందికి చెవి ఆరిపోతుంది కూడా. నీరు మళ్లీ చేరిందా, వినికిడి ఎలా ఉందన్నది ఆ తర్వాత పరీక్షలతో చూసి, కొత్త గొట్టం కావాలో లేదో నిర్ణయిస్తారు. జ్వరం వచ్చినా, చెవి వెనక వాచి ఎర్రబడినా మాత్రం చుక్కలతో కాలక్షేపం చేయకూడదు. అప్పుడు నోటిమందో ఇంజెక్షనో అవసరమవుతుంది. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.