పేరు కొట్టేస్తే యజమాని పోతాడా?

కథలూ పద్యాలూ ముచ్చటించుకొనే ఈ పుటలో కంప్యూటరు ఆజ్ఞల గొడవ ఏమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. ఒక కథకుడి నాలుగేళ్ళ రాతలు ఎలా గంగపాలయ్యాయో విన్నాక కూడా ఆ ముడతలు అలాగే ఉంటే, అప్పుడు వాదించుకుందాం.

విజయవాడలో ఒక చిన్న పత్రికా కార్యాలయం. పేరు అనవసరం. అక్కడ అందరి రాతకోతలకూ కలిపి ఒకే లినక్సు యంత్రం. ప్రూఫులు దిద్దే కుర్రవాడొకడు తీరిక వేళల్లో తన కథలను కూడా అందులోనే రాసుకొనేవాడు. 2024 వేసవిలో ఉద్యోగం మానేశాడు. మరునాడే అతని ఖాతాను తొలగించారు. దానితోపాటు అతని సొంత సంచయమూ పోయింది. ఇంట్లో మరో ప్రతి ఉండేది; ఆ ఇల్లు సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు గండ్లు పడి ఆ ప్రాంతాలను రోజుల తరబడి ముంచిన సంగతి మనకు తెలిసినదే. కంప్యూటరు నీళ్ళలో నానిపోయింది. నీరు తీశాక అతడు కార్యాలయానికి వచ్చి తన కథలు అడిగితే దొరికిన జవాబు ఇది: "నీ పేరుతో ఇక్కడేమీ లేదు."

నా పేచీ ఈ వాక్యంతోనే.

1969లో పుట్టిన యూనిక్సు సంప్రదాయంలో దస్త్రం మీద యజమాని పేరు ఉండదు. ఒక అంకె ఉంటుంది. ఏ అంకె ఎవరిదో వేరే చిట్టాలో రాసి ఉంటుంది. ఖాతాను తొలగించడమంటే ఆ చిట్టాలో పేరు కొట్టివేయడమే. సొంత సంచయాన్ని కూడా తుడవమంటే అది తుడుచుకుపోతుంది. కాని ఉమ్మడి సంచయాల్లో అతడు దాచినవి అలాగే ఉంటాయి, అదే అంకెతో. పాసుపుస్తకంలో పేరు తీసేసినంత మాత్రాన గట్టు మీది సర్వే రాయి కదలదు గదా!

యంత్రం ముందు కూర్చొని 'ఫైండ్' అనే ఆజ్ఞకు '-నోయూజర్' అన్న షరతు తగిలించాను. చిట్టాలో పేరులేని అనాథ దస్త్రాలన్నీ వరుసగా బయటపడ్డాయి. వాటిలో 11 కథలున్నాయి. మిగిలినవి సొంత సంచయంతోనే పోయాయి. అతనికి వాటి శీర్షికలు గుర్తున్నాయి, వాక్యాలు లేవు. ఆ 11 దొరకడం కూడా అదృష్టమే. కొత్తగా చేరిన మరొకరికి యంత్రం అదే అంకెను కేటాయించి ఉంటే, ఆ కథలన్నీ వారి పేరనే కనిపించేవి. అలాంటి పొరపాటుకు దొంగ ఉండడు, దొంగతనం మాత్రం ఉంటుంది.

ఖాతా తీసేయడానికి ముందు చేయవలసిన పని అయిదు నిమిషాలది. 'ఫైండ్'కు యంత్రం మొత్తాన్ని చూపించి, '-యూజర్' అని, ఆ వ్యక్తి వాడుకరి పేరు చెప్పాలి. 'టైప్ ఎఫ్' అంటే దస్త్రాలను మాత్రమే ఏరుతుంది. ఇది నిర్వాహకుడి అధికారంతోనే చేయాలి; లేకుంటే అనుమతి లేని సంచయాలను దాటిపోతుంది. దొరికిన జాబితాను 'టార్'కు అందిస్తే అన్నిటినీ ఒక్క మూటగా కడుతుంది. మనవాళ్ళు దస్త్రాలకు 'చివరి ప్రతి', 'అసలు చివరి ప్రతి' అని ఖాళీలు విడిచి పేర్లు పెడతారు. అవి ముక్కలై దారి తప్పకుండా 'ఫైండ్'కు '-ప్రింట్0', 'టార్'కు '--నల్' జతచేయాలి. మూట కట్టాక విప్పి చూడాలి. విప్పి చూడని మూట దాచినట్లు కాదు, దాచామనుకున్నట్లు. తీసుకువెళ్ళే పెన్‌డ్రైవు సాధారణంగా పాత 'ఫ్యాట్' పద్ధతిలో ఉంటుంది. దానికి యజమాని అనే ఊహే లేదు. విడిగా నకలు చేస్తే ఆ అంకె రాలిపోతుంది. 'టార్' మూటలో పేరూ అంకే రెండూ భద్రంగా ఉంటాయి.

ఇక ఆక్షేపణలు. "రచయితకు ఇవన్నీ ఎందుకు?" అంటారు. బందరులో కూడా కొలువు చేసిన సి. పి. బ్రౌన్ తాళపత్రాలు సేకరించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు రాయించాడు. అది సాహిత్యసేవ అయినప్పుడు ఇది ఎందుకు కాదు? "క్లౌడు ఉంది కదా" అంటారు. జియోసిటీస్ ఉందని నమ్మినవారికి 2009లో ఏమైందో అడగండి. "ఉద్యోగి తన కథలను ఆఫీసు యంత్రంలో ఎందుకు రాయాలి?" అన్నది అన్నిటికన్నా బలమైన ప్రశ్న. కాదనను. యంత్రం యజమానిదే. అయితే అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తే గోడలు మనవి అవుతాయి గాని, అటక మీద మరిచిపోయిన అతని ట్రంకుపెట్టె మనది కాదు. కబురు చేసి ఇచ్చేస్తాం. అదే మర్యాద ఇక్కడా అడుగుతున్నాను.

ఇంకో మాట. కొన్ని చోట్ల పదిమందీ ఒకే ఖాతాతో పని చేస్తారు. అక్కడ ఏ ఆజ్ఞా ఎవరి రాతనూ విడదీయలేదు. మనిషికో ఖాతా ఇవ్వండి. రచయితలారా, మీరు కూడా ప్రతి దస్త్రం చివర మీ పేరూ తేదీ రాయండి. తాటాకు ప్రతి చివర లేఖకుడు చేసిన పని అదే. యంత్రం గుర్తించేది ఎవరి ఖాతాలో పుట్టిందన్నదే. ఎవరి మనసులో పుట్టిందో దానికి తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమను చూసినవాళ్ళం, 2024లో సింగ్ నగర్‌ను చూసినవాళ్ళం. ఈ డెల్టాలో నీరు మళ్ళీ వస్తుంది. దానికి ముందే ఒక మూటను వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్య ఇంటికో, కొడుకు ఇంటికో చేర్చండి. రెండో మూటను అసలు యజమాని చేతిలో పెట్టండి. ఆ తరువాతనే చిట్టాలో పేరు కొట్టేయండి.

ఆ కుర్రవాడు పోయిన కథల్లో ఒకదాన్ని మళ్ళీ రాస్తున్నాడు. మొదటి వాక్యం ఇంకా కుదరలేదట.