లెగ్ హార్మోనియం మూగబోకూడదు

పద్యనాటక ప్రియులకు, సమాజాల పెద్దలకు, పరిషత్తుల నిర్వాహకులకు విజ్ఞప్తి

శివరాత్రికి, శ్రీరామనవమికి, ఊరి జాతరకు మన పల్లెల్లో ఇంకా పద్యనాటకం ఆడుతూనే ఉన్నారు. రాయబారం నాటకంలో పడక సీను చూడటానికి చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్ళున్నారు. హరిశ్చంద్ర కాటి సీనులో పద్యం పూర్తికాకముందే ‘వన్స్‌మోర్’ అని అరిచేవాళ్ళున్నారు. కానీ వేదికకు ఓ పక్క లెగ్ హార్మోనియం ఉండాల్సిన చోట ఇప్పుడు ఎక్కువగా ఎలక్ట్రానిక్ కీబోర్డు కనిపిస్తోంది. పాత పెట్టె ఏమైందని అడిగితే ఒకరు అటక మీద ఉందంటారు. మరొకరు పాత సామాన్లవాడికి వేసేశామంటారు. ఇంకో ఊళ్ళో ఎవరో వచ్చి అలంకరణ కోసం కొనుక్కుపోయారంటారు. ఆ పెట్టెల్ని దించండి, బాగుచేయించండి, మళ్ళీ వేదిక ఎక్కించండి అని అడగడానికే ఈ కరపత్రం.

హార్మోనియం మన గడ్డ మీద పుట్టినది కాదు. 1840లలో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ దానికి ఆ పేరుతో హక్కులు పొందాడు. ఆ శతాబ్దం చివరి భాగంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ వాయించుకునే పెట్టెను తయారుచేసి దేశమంతా వ్యాపింపజేశాడు. మన నాటకం మాత్రం కాళ్ళతో తొక్కే పెట్టెనే కోరుకుంది, దానికి కారణముంది. కాళ్ళు గాలి సంగతి చూసుకుంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి. ఒక చెయ్యి శ్రుతి నిలుపుతుంది, రెండోది పద్యం వెంట నడుస్తుంది. 1885లో సురభి నాటక సమాజం వారు, 1886 నుంచి బళ్ళారిలో నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు వేసిన బాటలో తెలుగు నాటకం రాగాల మీద నడవడం నేర్చుకుంది. మైకులు లేని ఆ రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా శ్రుతి వినబడాలంటే అలాంటి నిండైన నాదమే కావాలి.

హార్మోనిస్టు పనేమిటో తెలియనివాళ్ళు అతను పక్కవాద్యగాడని అనుకుంటారు. నిజానికి అతను వేదిక మీద రెండో నటుడు. ఎవరి శ్రుతి ఒకటిన్నరో, ఎవరిది నాలుగో అతనికి కంఠతా వచ్చుండాలి. పాత్ర తెర వెనక నుంచి అడుగు పెట్టేలోపే రాగచ్ఛాయ చూపించి నటుడి చెవిలో వేయాలి. నటుడు పద్యం చివరి పాదం మీద రాగం తీస్తూ పై షడ్జం దగ్గర నిలబడితే అక్కడ అతనికి దన్నుగా నిలవాలి. ఊపిరి తీసుకునే ఆ రెప్పపాటులో ఖాళీ కనబడకుండా పూడ్చాలి. నటుడు పద్యం మరిచిపోతే రెండు వరసలు ఎక్కువ వాయించి సమయం ఇచ్చేదీ అతనే. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. వేళ్ళకూ పాదాలకూ మాత్రమే తెలిసిన విద్య ఇది.

పాదాలని ప్రత్యేకంగా అనడానికి కారణముంది. తొక్కుడు పెంచితే నాదం పొంగుతుంది, తగ్గిస్తే సన్నబడుతుంది. హరిశ్చంద్రుడి గొంతు దుఃఖంతో కుంగినప్పుడు హార్మోనిస్టు పాదం కూడా నెమ్మదిస్తుంది. అర్జునుడు ఆవేశపడితే పెడలు వేగం పుంజుకుంటుంది. అంటే ఆ పెట్టె నటుడితో పాటు ఊపిరి తీసుకుంటుంది. మన వేదికల మీదికి వస్తున్న చవక కీబోర్డులో మెట్టు ఎలా నొక్కినా ఒకే నాదం వస్తుంది. దాంట్లో వంద వాయిద్యాల ధ్వనులుండవచ్చు గానీ, నటుడి ఊపిరి వెంట నడిచే గాలి మాత్రం లేదు. కొందరు దానికి తోడు ముందే సిద్ధంచేసిన తాళం కూడా పెడుతున్నారు. అప్పుడు పద్యం తాళానికి లొంగాల్సి వస్తుంది. పద్యనాటకం ప్రాణమే తాళానికి కట్టుబడని ఆ స్వేచ్ఛలో ఉంది!

హార్మోనియం మీద పెద్దల అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. పన్నెండు స్థిరమైన మెట్లలో గమకం ఇమడదన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అది నచ్చలేదు. 1940లో ఆకాశవాణి దాన్ని స్టూడియోల నుంచి బహిష్కరించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. కచేరీలో కర్ణాటక రాగానికి అది చాలదన్న మాట నిజమే, దాన్ని మేం కాదనం. కానీ నాటకంలో గమకం పలికించాల్సింది నటుడి గొంతు. పెట్టె పని ఆ గొంతుకు కాలు మోపే నేల ఇవ్వడం. ఒక వేదికకు పెట్టిన తూకంతో మరో వేదికను తూచడం వల్ల ఈ వాయిద్యం దశాబ్దాల పాటు చిన్నచూపుకు గురైంది. ఆ చిన్నచూపే మనల్ని పెట్టె అటకెక్కినా పట్టించుకోనివాళ్ళుగా చేసిందని మా నమ్మకం.

మనకు ముందే ఇలాంటి కష్టం పడి బయటపడినవాళ్ళున్నారు. అమెరికాలో మూకీ సినిమాల కాలంలో పెద్ద పెద్ద సినిమా హాళ్ళలో థియేటర్ ఆర్గన్లు పెట్టేవారు. వేల గొట్టాల్లోంచి గాలి పోనిచ్చి పలికించే మహావాద్యాలవి. వర్లిట్జర్ అనే ఒక్క కంపెనీయే రెండు వేలకు పైగా తయారుచేసింది. వాద్యకారుడు తెర మీది బొమ్మను చూస్తూ అప్పటికప్పుడు సంగీతం అల్లేవాడు. మన హార్మోనిస్టు నటుణ్ణి చూస్తూ చేసే పనీ అదే. 1927 తరవాత టాకీలు రావడంతో వాటికి పని పోయింది. కొన్నింటిని విప్పి అమ్మేశారు, కొన్ని హాళ్ళతో పాటే కూలిపోయాయి. మన దగ్గరా 1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో సురభి నటులే నటించారు. ఆ తరవాత జనం వేదిక నుంచి తెర వైపు ఎలా జరిగిపోయారో మనకు తెలుసు.

అక్కడి అభిమానులు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1955లో సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి అమెరికన్ థియేటర్ ఆర్గన్ సొసైటీ. అట్లాంటా నగరంలో 1929లో కట్టిన ఫాక్స్ థియేటర్‌లో మూడున్నర వేలకు పైగా గొట్టాలున్న ఆర్గన్ చాలా ఏళ్ళు మూగబోయి ఉంటే 1963లో అభిమానులు దాన్ని మళ్ళీ పలికించారు. 1970లలో ఆ స్థలంలో ఒక టెలిఫోన్ కంపెనీ తన కార్యాలయం కట్టుకోవాలనుకుంది. ఊరివాళ్ళు ఉద్యమం చేసి థియేటర్‌ను నిలబెట్టుకున్నారు. ఆర్గన్ నేటికీ పలుకుతోంది. వాళ్ళు ఆ వాద్యాలను అద్దాల బీరువాల్లో పెట్టలేదు. తోలు మార్చడం, గాలి గొట్టాలు బిగించడం సొంతంగా నేర్చుకున్నారు. పాత మూకీ సినిమాలు వేసి, ఆర్గన్ వాయించి, టిక్కెట్లు అమ్మి మరమ్మతు ఖర్చులు రాబట్టుకున్నారు. మన పెట్టె వాటితో పోలిస్తే ఎంత? ఒక మనిషి మోసుకుపోగలడు. దాన్ని కాపాడటానికి కోట్లు అక్కర్లేదు.

మరమ్మతు గురించి కొంత వివరంగా చెప్పాలి. నష్టమంతా అక్కడే జరుగుతోంది కాబట్టి. హార్మోనియం లోపల వరసగా ఇత్తడి రీడ్లుంటాయి. గాలి తగిలి కంపిస్తే స్వరం పుడుతుంది. రీడు సందులో చిన్న నలుసు పడినా ఆ మెట్టు పలకదు. మెత్తటి కుంచెతో దులిపితే పోయే ఆ దోషానికి పెట్టెను పాడైందని పక్కన పెట్టినవాళ్ళను చూశాం. వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుంటాయి. ఎలుకలు తిత్తి కొరుకుతాయి. ఇవి వడ్రంగి, తోలుపని తెలిసినవాళ్ళు చక్కదిద్దగలిగినవే. శ్రుతి సరిచేయడం మాత్రం అసలైన విద్య. రీడు మొన దగ్గర గీకితే స్వరం హెచ్చుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. గీకేసిన లోహం తిరిగి రాదు. నేర్పు లేని చెయ్యి పెడితే వందేళ్ళ రీడు ఒక్క పూటలో పాడైపోతుంది. ఆ నేర్పున్నవాళ్ళు ఇప్పుడు వయసు మీదపడి ఉన్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు అరుదు.

కాబట్టి మొదటి కోరిక ప్రభుత్వ సంగీత కళాశాలలకు. విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది. విజయవాడ, హైదరాబాదుల్లోనూ ఉన్నాయి. అక్కడ వాయించడంతో పాటు రీడు శ్రుతి చేయడం, తిత్తి కట్టడం నేర్పే చిన్న కోర్సు పెట్టండి. సర్టిఫికెట్లు లేకపోయినా సరే, ఆ పాత పనివాళ్ళనే గురువులుగా పిలవండి, గౌరవంగా వేతనం ఇవ్వండి.

రెండు తెలుగు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు జిల్లాల వారీగా పాత లెగ్ హార్మోనియాల జాబితా తయారుచేయాలి. ఏ ఊళ్ళో, ఎవరింట్లో, ఏ కంపెనీ పేరుతో, ఏ స్థితిలో ఉందో రాసి ఫోటో తీయాలి. స్వాధీనం చేసుకోవద్దు. అవి ఆ కుటుంబాలవి, ఆ సమాజాలవి. మరమ్మతుకు సాయం చేస్తే చాలు.

పరిషత్తుల పెద్దలకు ఇంకా గట్టిగా చెబుతున్నాం. పద్యనాటక పోటీల్లో హార్మోనియం వాయించడాన్ని నిబంధనగా పెట్టండి. పెట్టె తెచ్చుకోలేని సమాజానికి మీరే వేదిక మీద ఒకటి సిద్ధంగా ఉంచండి. హార్మోనిస్టుకు విడిగా బహుమతి పెట్టి, నటుడి పక్కన నిలబెట్టి ఇవ్వండి. వేదిక దీపాలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించినా ఇది జరుగుతుంది.

సెల్‌ఫోన్ ఉన్న ప్రతి యువకుడికీ, యువతికీ ఒక పని. మీ ఊళ్ళో పెద్ద హార్మోనిస్టు ఉంటే ఆయన దగ్గర కూర్చోండి. రాయబారం మొదటి నుంచి చివరి దాకా ఏ పద్యానికి ఏ రాగం, ఏ నటుడికి ఎలా వాయించేవారో వాయించి చూపించమని అడిగి రికార్డు చేయండి. వేళ్ళతో పాటు పాదాలు కూడా కనబడేలా తీయండి.

ఇక పెట్టె ఉన్న ఇళ్ళవాళ్ళు. అమ్మకండి, వార్నిషు పూసి షోకేసులో పెట్టకండి. ఈ వారం దించి, దుమ్ము దులిపి, మెట్లు ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. పలకని మెట్లకు గుర్తు పెట్టుకోండి, రీడ్లను మాత్రం మీరు గీకకండి. పలికినవాటితోనే రోజూ కాసేపు తొక్కి వాయించండి, తిత్తికి గాలి ఆడుతుంది. వచ్చే ఉగాదికి మీ ఊళ్ళో నాటకం వేస్తే కమిటీ వాళ్ళతో ఇప్పుడే మాట్లాడి ఆ పెట్టెను వేదిక ఎక్కించడానికి ఒప్పించండి.

— పద్యనాటక ప్రియులు