డొంక దారిన సైకిలు

"ఏంది సారూ, బండి చెడిపోయిందా?"

మా కొనకనమిట్లలో నేను సైకిలు మీద కనపడితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. ముప్పయ్యేళ్లు పంతులుగా చేసి, పెన్షను తీసుకుంటూ సైకిలు తొక్కేవాడంటే మావాళ్లకు రెండే అనుమానాలు. మోటారు సైకిలన్నా చెడిపోయుండాలి, డాక్టరు షుగరన్నా ఉందని చెప్పుండాలి. ఇష్టం కొద్దీ తొక్కుతున్నానంటే ఎవరూ నమ్మరు.

ఆ ఇష్టానికి ఆరేళ్ల కిందట గండి పడింది. పెద్ద రోడ్డు మీద వెనక నుంచి వచ్చిన లారీ నన్ను తగల్లేదు గానీ, దాని విసురుకే తారు అంచు దిగి కంకర్లో పడ్డాను. భుజం ఎముక విరిగింది. మూడు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగాను. కట్టు విప్పిన రోజే మా ఆవిడ షరతు పెట్టింది. "లారీలు లేని దారి ఉంటే తొక్కండి. లేదంటే ఆ సైకిలు పాత ఇనప సామాన్లవాడికి వేసేస్తా."

లారీలు లేని దారి ఎక్కడుంటుంది చెప్పండి? రెండేళ్లు సైకిలు వసారాలోనే ఉంది. తడి తువ్వాళ్లు ఆరేసుకోవటానికి బాగా పనికొచ్చింది.

అలాంటి దారి ఉంటుందని నేను తెలుసుకున్నది ఇక్కడ కాదు, సముద్రం అవతల. మా మేనల్లుడు మారిషస్‌లో ఉద్యోగం చేస్తాడు. ఒక చలికాలం రమ్మని టికెట్లు పంపాడు. మారిషస్ అంటే మనవాళ్లకు కొత్త కాదు. 1830ల నుంచి చెరకు తోటల కూలీకి కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల సంతానం ఇప్పటికీ అక్కడ ఉంది. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే. సింహాద్రి అప్పన్న పండగ చేస్తారు, రామభజన చేస్తారు.

ఆ దీవి మొత్తం అగ్నిపర్వతాలు కక్కిన రాయి. ఇప్పుడవి చల్లబడిపోయాయి. క్యూర్‌పీప్ ఊళ్లో ఒక అగ్నిపర్వతపు నోరు ఉంది, ట్రూ ఓ సెర్ఫ్ అంటారు. లోపలంతా చెట్లు. ఆ నోటి అంచు చుట్టూ ఒక రోడ్డు వేశారు, పొద్దున్నే ఊరి జనం దాని మీద నడుస్తుంటారు. నిప్పులు కక్కిన చోట పెద్దమనుషులు షుగరు తగ్గించుకుంటున్నారన్నమాట!

మేనల్లుడు ఒక సైకిలు అద్దెకు తెచ్చిచ్చాడు. మొదటి రోజు సముద్రం పక్క రోడ్డెక్కాను. అరగంటకే దిగిపోయాను. దీవి చిన్నది, కార్లు బోలెడు. మన పెద్ద రోడ్డే నయమనిపించింది. సాయంత్రం ఆ మాటే అంటే మా వాడు నవ్వాడు.

"మామయ్యా, నువ్వు మ్యాపులో లావు గీత చూసి పోయావు. లావు గీతంటే బళ్ల దారి. సన్న గీతలు చూడు."

మర్నాడు చెరకు తోటల మధ్య బాట పట్టించాడు. తోటవాళ్లను అడిగితే పొమ్మన్నారు. చెరకు బళ్ల కోసం వేసిన ఎర్రమట్టి దారి. కోత అయిపోయింది కాబట్టి బళ్లు లేవు. రెండు పక్కలా చేలు, ఎదురుగా నల్లటి కొండ, నా గొలుసు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పది రోజులు అలాగే తిరిగాను. చమరెల్ కొండ ఎక్కేటప్పుడు మాత్రం సగం దూరం దిగి తోశాను. సిగ్గెందుకు, వయసు అలాంటిది.

తిరిగి వచ్చాక లెక్క చూసుకున్నాను. మారిషస్‌లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. మన నల్లమలలో 900 మీటర్లు దాటిన కొండలున్నాయి. వాళ్లది లావా రాయి అయితే మనది పలక రాయి. వంద కోట్ల ఏళ్లకు ముందెప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న బురద గట్టిపడి, ఒత్తిడికి పొరలు పొరలుగా మారి మార్కాపురం పలకయింది. ఆ పలక మీదే కదా మనమంతా అఆలు దిద్దుకున్నది! కొండ ఉంది, రాయి ఉంది. మరి సన్న గీత ఏదీ?

ఉంది. దాని పేరు డొంక.

ఈ కాలం పిల్లలకు తెలీదేమో గానీ, తారు రోడ్లు రాక ముందు ఊరికీ ఊరికీ మధ్య ఎడ్లబళ్లు పోయిన దారి అది. ఎక్కువ చోట్ల అది పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. మా గ్రామ సచివాలయంలో సర్వేయరు ఊరి పటం పరిచి చూపించాడు. మా చుట్టుపక్కలే ఆరు డొంకలు తేలాయి. పటంలో ఉన్నాయి, నేల మీద మాత్రం చిల్లచెట్లు మూసేశాయి. కొన్ని చోట్ల పక్క రైతు రెండు సాళ్లు ముందుకు జరిగాడు.

దొరికిన డొంకలూ, వాటి మధ్య ఊళ్ల సిమెంటు రోడ్లూ కలుపుకుంటూ నేనొక దారి తయారు చేసుకున్నాను. కొనకనమిట్ల నుంచి తర్లుపాడు వైపు. తెల్లవారుజామున బయల్దేరితే కంది చేలు, మిరప చేలు, పొగాకు బ్యారన్లు, గుట్టల మీద మేకల మందలు. నిదానంగా తొక్కుతూ తర్లుపాడులో చుట్టాలింట పడుకున్నాను. మర్నాడు కంభం చెరువు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువు. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఆ నీటి ఒడ్డున కూర్చుని సద్ది విప్పుకుంటే, పది రోజుల మారిషస్ గుర్తొచ్చింది. అక్కడికి పోవటానికి విమానమెక్కాను, ఇక్కడికి రావటానికి రెండు పంక్చర్లు వేసుకున్నాను. అంతే తేడా.

ఇంటికొచ్చాక ఈ సంగతంతా మా అక్క మనవరాలికి గొప్పగా చెబుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్ల. అంతా విని, "తాతయ్యా, మా బడికి కూడా డొంకుందా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

ఆ పిల్లకు సైకిలుంది. కానీ బడికి పోవాలంటే పెద్ద రోడ్డు మీద రెండు మైళ్లు. నేను పడ్డ తర్వాత మా మేనకోడలు పిల్లను రోడ్డెక్కనివ్వటం మానేసింది. ఆటోలో పంపిస్తోంది. ముగ్గురు కూర్చునే ఆటోలో పన్నెండు మంది. ఆటో రాని రోజు బడి లేదు. ఆ నెలలో ఆరు రోజులు రాలేదట. పంతులుగా చేసినవాణ్ణి, హాజరు పట్టీలో ఆరు సున్నాలంటే ఏంటో నాకు తెలుసు. ఆడపిల్ల చదువు ఒక్కసారిగా ఆగిపోదు, అలా రోజుకొకటి చొప్పున జారిపోతుంది.

మళ్లీ సర్వేయరు దగ్గరికి పోయాను. బడి వెనక దాకా ఒక డొంక ఉంది. సర్పంచిని బతిమాలితే ఉపాధి హామీ పనిలో చిల్లచెట్లు కొట్టించే ఏర్పాటు చేశాడు. ముందుకు జరిగిన రైతులు నలుగురు. ముగ్గురు వెనక్కి జరిగారు. నాలుగో ఆయన, "అందరికీ నా చేనే కనపడిందా?" అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు. ఆ యాభై గజాలు పిల్లలు సైకిలు దిగి గట్టు మీద తోసుకుంటూ పోతారు. వాగు దగ్గర తూములు వెయ్యలేదు కాబట్టి వానల్లో ఆ దారి పనికిరాదు, మళ్లీ ఆటోనే. అయినా పోయిన కార్తీకం నుంచి ఎండలు ముదిరే దాకా మా పిల్ల ఒక్క రోజు మానలేదు. ఇప్పుడామె వెనక ఇంకో నలుగురు పోతున్నారు.

మీకూ తొక్కాలనిపిస్తే నాలుగు మాటలు. మా వైపు కార్తీకం నుంచి మాఘం దాకానే, చైత్రం వస్తే ఎండకు తట్టుకోలేరు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, శుద్ధి చేసిన నీళ్లు రెండు లీటర్లు దగ్గరుంచుకోండి. చిల్ల ముల్లు కొత్త టైరును కూడా వదలదు, గాలి పంపూ పంక్చరు సామానూ లేకుండా కదలొద్దు. కుక్క వెంటపడితే పారిపోకండి, దిగి సైకిలు మధ్యలో అడ్డం పెట్టుకోండి. బళ్లుండవు కదాని నల్లమల అడవిలోకి మాత్రం దూరకండి, అది పులుల ఇల్లు. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటు రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేది అందుకే.

స్పెయిన్‌లో రైళ్లు ఆగిపోయిన పాత దారులను 1993 నుంచి సైకిలు బాటలుగా మారుస్తున్నారు, 3 వేల కిలోమీటర్లు దాటాయి. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. మీ ఊరి సచివాలయానికి పోయి పటం చూపించమనండి. బడి దాకా పోయే సన్న గీత ఉందేమో వేలు పెట్టి వెతకండి.

మా ఆవిడ షరతు ఇంకా అమల్లోనే ఉంది. కాకపోతే ఇప్పుడు తువ్వాళ్లు ఆరేసుకోవటానికి దండెం కట్టించమని అడుగుతోంది.