ఊపిరాడని తరగతులు

హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీహాళ్లలో, విజయవాడ ఇంటర్ కాలేజీల మేడల మీద కిటికీలకు ప్లైవుడ్ కొట్టి, ఏసీ బిగించి నడుపుతున్న గదులు కోకొల్లలు. తలుపు తోయగానే చల్లగా తగులుతుంది. ఆ వెంటే నిలవ వాసన. మధ్యాహ్నం మూడింటికి సగం తలలు బల్లల మీద వాలి ఉంటాయి. అన్నం తిన్న మత్తని మాస్టార్లు మందలిస్తారు. తప్పంతా అన్నానిది కాదు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తున్న గదిలో పట్టే గాలి సుమారు 85 వేల లీటర్లు. కూర్చున్న మనిషి గంటకు 18 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 40 మందికి 720 లీటర్లు. బయట పది లక్షల పాళ్లలో 420 పాళ్లుండే ఆ వాయువు, సందు లేకుండా మూసిన గదిలో పది నిమిషాల లోపే వెయ్యి దాటుతుంది. వెయ్యి దాటనివ్వొద్దని జర్మన్ శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ 1858లోనే చెప్పాడు. ఆ మోతాదులో అది విషం కాదు, నిజమే. కానీ అది పెరిగిందంటే పక్కవాళ్లు విడిచిన ఊపిరినే పీలుస్తున్నామని అర్థం. క్షయ వ్యాపించేదీ అలాంటి గాలి ద్వారానే; ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు.

2009 నాటి జాతీయ గాలి నాణ్యత ప్రమాణాలు 12 కాలుష్యాలకు హద్దులు పెట్టాయి, అన్నీ ఆరుబయటి గాలికే. గుమ్మం దగ్గర చట్టం చెప్పులు విడిచి బయటే ఆగిపోయింది. ఉక్కపోత ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతు కిటికీలకు వదలాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. ప్లానులో వదులుతారు కూడా. అనుమతి చేతికొచ్చాక మూసేస్తారు. తాతల ఇళ్లలో గోడ పైభాగాన వెంటిలేటర్లుండేవి. పిచ్చుకలు దూరేవని విసుక్కున్నాం గానీ, గదిలోని వేడి గాలి పోయే దారీ అదే.

కాలేజీ గుర్తింపునూ స్టడీహాలు లైసెన్సునూ ప్రభుత్వాలు గాలికి ముడిపెట్టాలి. తెరుచుకునే కిటికీ గానీ, బయటి గాలిని వడగట్టి తెచ్చే ఫ్యాను గానీ లేని గదిని నడపనివ్వకూడదు. అందరికీ కనబడేలా గోడకు కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టించాలి. కరెంటు బిల్లు పెరుగుతుందని యాజమాన్యాలు గోల చేస్తాయి. పెరుగుతుంది, లక్షల్లో వసూలు చేసే ఫీజులో నుంచి కట్టుకోవాలి. తనిఖీ కూడా వేసవి సెలవుల్లో ఖాళీ గదులకు చేస్తే చాలదు. జనవరిలో, మధ్యాహ్నం మూడింటికి, నలభై మందీ లోపల కూర్చుని ఉండగా చేయాలి.