బ్రేకర్ పడితే బ్రేకర్‌ను మార్చకండి

ట్రెయిలర్లలో తిరిగే అమెరికా తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



మెమోరియల్ డే వస్తోంది. నాలుగైదు కుటుంబాలు కలిసి, కార్లకు ట్రెయిలర్లు తగిలించుకుని సరస్సుల ఒడ్డుకూ అడవుల్లోకీ బయల్దేరే రోజులివి. మనతోపాటు మన వంటిల్లూ ప్రయాణం కడుతుంది. ఏసీ ఆగకుండా తిరుగుతుంటుంది. కుక్కర్‌లో అన్నం, ఇండక్షన్ పొయ్యి మీద సాంబారు, పిల్లల స్నానాలకు గీజరు. అంతలో బండి మొత్తం చీకటి. బ్రేకర్ పడిపోయింది!

అప్పుడు మనం చేసే పని మీదే ఇంటిల్లిపాది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అందుకే ఈ కరపత్రం.

ఊళ్లో ఫ్యూజు పోతే ఈసారి మరికాస్త లావు తీగ చుట్టి, "ఇక పోదులే" అనుకోవడం మనలో చాలామందిమి చూసి పెరిగాం. నిజమే, ఫ్యూజు పోదు. దాని బదులు గోడలో తీగ కాలుతుంది. ఆ అలవాటే మనతో విమానమెక్కి వచ్చింది. ట్రెయిలర్ గోడల్లో ఉండేది పల్చటి చెక్కా, ఫోమూ. అందులో నిప్పు పుడితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. పోయిన వేసవిలో మాలో ఒకరి బండి ప్లగ్గు సాకెట్‌లోనే కరిగి అతుక్కుపోయింది. పట్టపగలు కాబట్టి వాసన పసిగట్టి ఆపగలిగాం. అర్ధరాత్రి అయ్యుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ముందు లెక్క చూద్దాం

మనం కొనే చిన్న, మధ్యరకం ట్రెయిలర్లు ఎక్కువగా 30 ఆంపులవి. 120 వోల్టుల దగ్గర అంటే 3,600 వాట్లు. గంటల తరబడి వాడేటప్పుడు 24 ఆంపులు దాటకపోవడం మంచిది. ఇప్పుడు మన వాడకం చూడండి. ఏసీకి సుమారు 13 ఆంపులు, గీజరుకు 12, పెద్ద ఇండక్షన్ పొయ్యికి 15, రైస్ కుక్కర్‌కు 6. మొత్తం 46. బ్రేకర్ పడిందంటే చెడిపోయిందని కాదు, తన పని తాను చేసిందని.

ఈ అడ్డదారులు వద్దు

30 ఆంపుల బ్రేకర్ తీసి 50ది బిగించకండి. లోపలున్న 10 గేజ్ రాగి తీగ మోయగలిగేది 30 ఆంపులే. బ్రేకర్‌ను పెంచితే తీగ బలం పెరగదు, దానికున్న కాపలా మాత్రం పోతుంది.

50 ఆంపుల సాకెట్‌కు అడాప్టర్ తగిలిస్తే ఎక్కువ కరెంటు వస్తుందని నమ్మకండి. బండి మెయిన్ బ్రేకర్ 30దే కాబట్టి వచ్చేదీ అంతే.

రెండు కొసలా మగ ప్లగ్గులున్న తీగతో బయటి నుంచి బండిలోని సాకెట్‌కు కరెంటు ఎక్కించకండి. ఒక కొస ఊడిందంటే పిన్నుల మీద 120 వోల్టులు బయటపడి ఉంటాయి. పసిపిల్ల చెయ్యి తగిలితే చాలు.

ఇంటి దగ్గర ట్రెయిలర్ కోసం సాకెట్ పెట్టించుకునేవారు మరీ జాగ్రత్త. ట్రెయిలర్ 30 ఆంపుల సాకెట్ మూడు పిన్నులది, 120 వోల్టులది. దాన్ని బట్టలారబెట్టే డ్రయర్ సాకెట్ అనుకుని 240 వోల్టులు ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ప్లగ్గు పెట్టిన క్షణంలో లోపలి సామాన్లు మాడిపోతాయి. మీటర్‌తో కొలిచాకే ప్లగ్గు పెట్టండి.

సన్నటి నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ తీగతో బండి మొత్తం నడపకండి. తీగ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, ఏసీ కంప్రెసర్ దెబ్బతింటుంది.

మరి కరెంటు చాలకపోతే?

మొదట ఖర్చులేని దారి: వంతులు. గీజరును ప్రొపేన్ మీద నడపండి. ఇండక్షన్ వాడే అరగంట ఏసీ ఆపండి. కొంత ఖర్చుకు సిద్ధమై ఏసీకి సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు తగ్గుతుంది.

రెండోది, విడి లైను. క్యాంప్‌గ్రౌండ్‌లో బండ్లకు కరెంటు ఇచ్చే పెడెస్టల్‌లో 30 ఆంపుల సాకెట్ పక్కన 20 ఆంపులది తరచూ ఖాళీగానే ఉంటుంది. ఆ సాకెట్ నుంచి కరెంటు తీసుకోవడానికి బండికి వేరే ఇన్‌లెట్, వేరే బ్రేకర్, 12 గేజ్ తీగ, షాకు కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐ సాకెట్ పెట్టించుకోవచ్చు. పొయ్యి దాని మీదే నడుస్తుంది. షరతు ఒక్కటే: ఈ లైను ఫేజుగానీ న్యూట్రల్‌గానీ పాత ప్యానెల్‌లో ఎక్కడా కలవకూడదు. ఇది అర్హత ఉన్న ఆర్వీ టెక్నీషియన్ చేయాల్సిన పని.

మూడోది, లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్. 12 వోల్టుల మీద 2,000 వాట్లు తీయాలంటే 170 ఆంపులకు పైగా ప్రవహిస్తుంది. అందుకు బొటనవేలంత లావు కేబుల్, బ్యాటరీ పాజిటివ్ కొసకు ఆనుకునే ఫ్యూజు తప్పనిసరి. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కటి 1,800 వాట్ల పొయ్యిని 40 నిమిషాలు కూడా నడపదు. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే పాడైపోతుంది.

జనరేటర్ పెడితే బండికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ బండికి దూరంగా పోయేలా పెట్టండి. మన బండికే కాదు, పక్కవారి గుడారానికీ పొగ తగలకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలోనే మనుషులను తీసుకుపోతుంది.

ఇవేవీ చాలవనుకుంటే ప్యానెల్, ఇన్‌లెట్, తీగలు అన్నీ మార్పించి బండిని 50 ఆంపులకు తెచ్చుకోండి. ఖర్చవుతుంది, కానీ రాజమార్గం అదే.

మేం కోరేది

ప్రతి ఊరి తెలుగు సంఘమూ ఏటా మెమోరియల్ డేకు ముందు ఒక శనివారం కేటాయించాలి. దసరాకు ఆయుధపూజ చేసి వాహనాలకు కుంకుమ పెట్టే మనకు ఏడాదికొకసారి బండి తీగలు చూసుకోవడం బరువు కాదు. ఒక టెక్నీషియన్‌ను పిలిచి అందరి బండ్ల ప్లగ్గులు, తీగలు, కార్బన్ మోనాక్సైడ్ అలారం గడువు తేదీలు చూపించుకుందాం. ఖర్చు తలా కొంచెం పంచుకుందాం.

స్నేహితులకు బండి అరువిచ్చేవారు ఏది ఎన్ని ఆంపులో తెలుగులో రాసి తలుపు లోపల అంటించాలి.

క్యాంప్‌గ్రౌండ్‌కు చేరగానే ప్లగ్గు పెట్టేముందు పెడెస్టల్ టెస్టర్ పెట్టి చూడాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే బండి రేకులోకే కరెంటు రావచ్చు. సరస్సులో ఆడుకుని తడికాళ్లతో పరిగెత్తుకొచ్చిన పిల్లాడు ముందుగా పట్టుకునేది ఆ రేకు తలుపునే. నల్లగా మాడిన సాకెట్ కనబడితే ఆఫీసులో చెప్పి వేరే చోటు అడగండి. సర్దుకుపోవద్దు.

మగవాళ్లకే ఈ సంగతులు వదిలేయొద్దు. పొయ్యి వెలిగించేవారికీ, ఏసీ వేసే పిల్లలకూ లెక్క తెలియాలి.

తీగ ఎంత మోయగలదో అంతే అడుగుదాం. ఇంకా కావాలంటే ఇంకో తీగ వేయిద్దాం.

ఈ కాగితాన్ని బండిలో ప్యానెల్ పక్కన అంటించండి. ఇంకొకటి పక్క బండివారికి ఇవ్వండి.

ఇట్లు,
మీ తోటి ట్రెయిలర్ ప్రయాణికులు