కప్పు గెలిస్తే ఖౌమ్ కీ బేటీ, మైదానానికి వస్తే బేహయా?



పోయిన ఆదివారం కొండవీడులో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. ఫజ్ర్ తర్వాత ఖిల్లా ఘాట్ రోడ్డు మీద నడకకి బయల్దేరితే దాని కూతురు వెంటొచ్చింది. ఎనిమిదో తరగతి. మొదటి మలుపు దాకా నా పక్కనే నడిచి, "మామూ, మీరు మెల్లగా రండి" అని పరుగందుకుంది. నేను రొప్పుతూ పైకి చేరేసరికి బండ మీద కూర్చుని నవ్వుతోంది. "నర్సరావుపేటలో స్కూల్ గేమ్స్ సెలక్షన్స్ ఉన్నాయి. అబ్బా పంపనంటున్నారు. మీరు చెప్పండి మామూ" అంది.

నాష్తా దగ్గర మా బహనోయీతో మాట ఎత్తాను. నేక్ మనిషి. "నాకేం లేదు భాయ్. నలుగురూ ఏమంటారు? రేపు రిష్తా మాట్లాడేటప్పుడు ఇదంతా బయటికి రాదా?" అన్నాడు. 2022 మేలో నిఖత్ జరీన్ ఫొటో స్టేటస్ పెట్టి, కింద 'ఖౌమ్ కీ బేటీ' అని రాసింది ఈ మనిషే.

మన ఇళ్లలో సంగతి ఇదే. పతకం మీద ఫఖ్ర్ ఉంది. ఆ పతకం పుట్టిన మైదానం మీద మాత్రం షక్.

నిఖత్ కథ ఇస్తాంబుల్ లో మొదలవలేదు. నిజామాబాద్ లో నలుగురు కూతుళ్ల ఇల్లు. మూడో అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటానంటే తండ్రి జమీల్ అహ్మద్ గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. పొట్టి దుస్తులు వేసుకునే ఆటకి పంపుతావా అని చుట్టాలూ దోస్తులూ అన్నారు. ఆయన విని ఊరుకున్నారు. 2011లో ఆ పిల్ల జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజానికి ఆపరేషన్. 2022లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్ లో ఓడిపోయిన రోజు నా ఫోన్లో ఒక్క స్టేటస్ కూడా కనపడలేదు. గెలిచిన రోజే బేటీ అయితే అదేం రిష్తా?

మన పిల్లలకి మిసాల్ గా నిఖత్ ని చూపిద్దాం. సానియా మీర్జాని, పక్కనున్న మంగళగిరి పవర్ లిఫ్టర్ సాదియా అల్మాస్ ని చూపిద్దాం. కానీ మనకి, అంటే అబ్బాలకీ భాయిజాన్లకీ, మిసాల్ జమీల్ గారు.

ఒక ఖుసూర్ ఒప్పుకోవాలి. ఈ చెల్లెలే హైస్కూల్లో పరుగు పందెంలో ఫస్ట్ వచ్చింది. మండల పోటీలకి వెళ్తానంటే ఆపింది అమ్మీ కాదు, అబ్బా కాదు. నేను. పదిహేడేళ్లవాణ్ణి, దోస్తులు నవ్వుతారని. ఇప్పుడు దానికి నలభై దగ్గర పడుతోంది, షుగరు, మోకాళ్ల నొప్పులు. డాక్టరు రోజూ నడవమంటే, "ఎక్కడ నడవను భాయ్, అందరూ చూస్తారు" అంటుంది. ఆ భయం దానికి నేర్పింది నేనే.

దీన్ పేరు చెప్పేవాళ్లకి ఒక మాట. హుజూర్ (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని, ఒకసారి ఆమె గెలిచారని, తర్వాత ఇంకోసారి ఆయన గెలిచారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. ఉహద్ యుద్ధంలో ఉమ్మె అమ్మారా (రజి) కత్తి పట్టి నిలబడ్డారు. బలం, వేగం ఆడవాళ్లకి ఐబ్ అని ఇక్కడ ఎవరు చెప్పారు?

హయా సంగతంటారా, దారులున్నాయి. 2016 రియోలో అమెరికా కత్తిసాము క్రీడాకారిణి ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్ తోనే కాంస్యం గెలిచింది. 2014లో ఫుట్ బాల్, 2017లో బాస్కెట్ బాల్ అంతర్జాతీయ సంఘాలు తలకప్పుకి అనుమతిచ్చాయి. పారిస్ లో ఫ్రాన్స్ తన క్రీడాకారిణులు హిజాబ్ వేసుకోకూడదంది. అది జుల్మ్ అని మనం కోప్పడ్డాం, సరైన కోపమే. మరి హిజాబ్ ఉన్నా సరే మైదానానికి వద్దని మన పిల్లని ఇంట్లో ఆపేస్తే దాన్నేమనాలి? రెండు చోట్లా ఆమె తరఫున ఇంకెవరో ఫైసలా చేస్తున్నారు.

మా బహనోయీ చివరికి "మీరు వెంట వెళ్తే సరే" అన్నాడు. అల్హమ్దులిల్లాహ్, వెళ్తున్నాను. కానీ ప్రతి పిల్లకీ సెలవు పెట్టుకుని వచ్చే మామూ ఉండడు. అందుకే జమాత్ పెద్దలకి నా గుజారిష్: సెలక్షన్స్ రోజు నలుగురు ఆడపిల్లల్ని కలిపి ఒక ఆటోలో, ఒక ఆపా తోడుగా పంపండి. మన బస్తీల బడుల్లో లేడీ పీఈటీ కావాలని అర్జీ పెట్టండి. ఊళ్లో మైదానం ఉంటే సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకి వదిలిపెట్టమని మగపిల్లలకి చెప్పండి. జుమా బయాన్ లో కూతుళ్ల తాలీమ్ తో పాటు వాళ్ల సెహత్ గురించి రెండు మాటలు చెప్పించండి.

మా పిల్ల సెలెక్టవుతుందో లేదో అల్లాహ్ కి తెలుసు. కాకపోయినా పరుగెత్తి ఇంటికొస్తుంది. వాళ్లమ్మకి ఆ రోజు నేను ఇవ్వనిది అదే.