పెండ్లికి ముందు ఈ కోత అవసరమా?

బొబ్బిలి నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వ్రాయలేదు, వ్రాయనవసరమూ లేదు. వయస్సు ఇరవై మూడు. రెండు నెలల్లో నికాహ్. మర్మావయవపు లోపలి పెదవులు బయటికి కనిపించేంత పొడవుగా ఉన్నాయనీ, ఒకటి రెండవదానికంటే పెద్దదనీ, రంగు కూడా ముదురనీ ఆమె బాధ. ఫోనులో ఒక క్లినిక్ ప్రకటన చూసి, వాటిని కోసి తగ్గించే ‘లేబియాప్లాస్టీ’ అనే శస్త్రచికిత్స చేయించుకోవాలనుకుంటున్నారు. అందుకు తల్లి ఇచ్చిన గాజుల జతను తాకట్టు పెట్టే ఆలోచన కూడా ఉంది. “ఆయన అసహ్యించుకుంటారేమో. చేయించుకుంటే పాపమా?” అని అడిగారు.

వ అలైకుముస్సలామ్ సోదరీ! ఇటువంటి ప్రశ్న అడిగినందుకు సిగ్గుపడకండి. ధర్మం నేర్చుకోవడానికి సిగ్గును అడ్డు రానివ్వని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ‘నొప్పి’ అన్న మాట ఎక్కడా లేదు. ‘భయం’ అన్న మాట మాత్రం నాలుగు చోట్ల ఉంది. నా జవాబంతా ఈ తేడా మీదనే ఆధారపడి ఉంది.

మీరు వర్ణించినది రోగం కాదు. యుక్తవయస్సులో ఈ పెదవులు పెరుగుతాయి, రంగు ముదురుతుంది. రెండూ సమానంగా లేకపోవడం సర్వసాధారణం. లండన్ వైద్యులు 50 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన కొలతలలో లోపలి పెదవుల వెడల్పు కొందరికి 7 మిల్లీమీటర్లు, కొందరికి 50 మిల్లీమీటర్లు ఉంది. ఒకరికీ మరొకరికీ అంత తేడా! మనం ఇతరులను చూడము, చూడరాదు కూడా. కనుక పోల్చుకోవడానికి మిగిలేది ప్రకటనలలోని దిద్దిన బొమ్మలే. పైగా ఇవి వ్యర్థమైన చర్మం కావు. లోపలి భాగానికి రక్షణనిస్తాయి, స్పర్శజ్ఞానం కలిగిన నరాలు వాటిలో దట్టంగా ఉంటాయి. కోసినచోట రక్తస్రావం, చీము, మచ్చ, ఎడతెగని నొప్పి, స్పర్శ తగ్గిపోవడం సంభవించవచ్చు. కోసిన భాగం తిరిగి రాదు. మానే దాకా, సాధారణంగా ఆరు వారాల వరకు, దాంపత్యానికి దూరంగా ఉండమంటారు. మీ నికాహ్‌కు మిగిలినది రెండు నెలలే.

ఇక షరీఅత్ మాట. అందం కోసం పండ్ల మధ్య సందులు చేయించుకునే స్త్రీలను దైవప్రవక్త (సల్లం) గర్హించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మరోవైపు, కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా బిన్ అస్అద్ (రజి) పెట్టించుకున్న వెండిముక్కు దుర్వాసన కొట్టగా, బంగారుముక్కు పెట్టించుకోమని ఆయనే ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా సరే! అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007లో మలేషియాలోని పుత్రజయలో చేసిన తీర్మానం కూడా ఈ మార్గంలోనే ఉంది. బాధ కలిగించే లోపాన్ని సరిచేయవచ్చు, ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని మోజు కొద్దీ మార్చరాదు. కనుక నడకలో, కూర్చున్నప్పుడు రాపిడితో పుండ్లు పడుతూ, ఇతర ఉపాయాలకు తగ్గని స్త్రీకి ఈ శస్త్రచికిత్స వైద్యమే. ఆమెను నిందించే హక్కు ఎవరికీ లేదు. అయితే మీ పరిస్థితి అది కాదనిపిస్తున్నది.

మనసులోని వేదన కూడా వేదనే కదా అంటారేమో. నిజమే, ఆ తీర్మానం మానసిక బాధను కూడా లెక్కలోకి తీసుకుంది. కానీ అది లోపం ఉన్నచోట. లేని లోపాన్ని గూర్చిన భయానికి కత్తి మందు కాదు.

ఒక్క మాట చెప్పక తప్పదు. వైద్యకారణం లేకుండా ఆడపిల్లల బాహ్య జననాంగాలను కోయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ హింసగా పరిగణిస్తుంది. అదే కోతకు మనమే సొమ్ము చెల్లించి వరుసలో నిలబడడం నాకు వింతగా తోస్తుంది.

కాబోయే భర్త ఏమంటారో మీరే ఊహించుకుని, మీరే తీర్పు చెప్పేశారు. ఆయన నోట ఇంకా ఏ మాటా రాలేదు. మొదటి రాత్రే ఆయన మీ శరీరాన్ని కొలబద్దతో చూస్తారని అనుకోవడం ఆయనకూ అన్యాయమే.

విజయనగరంలో ఘోషా ఆసుపత్రి ఉంది. ఘోషా అంటే పరదాయే. పరదా స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలన్న పాతకాలపు ఆలోచన ఆ పేరులో నిలిచి ఉంది. అక్కడికో, మీకు నమ్మకమున్న మరొక లేడీ డాక్టరు దగ్గరికో మీ అమ్మగారినో పిన్నినో తోడు తీసుకుని వెళ్ళండి. శస్త్రచికిత్స వలన లాభం పొందని వైద్యురాలైతే మరీ మంచిది. “ఇది మామూలేనా?” అని మాత్రం అడగండి. దురద, మంట ఉంటే అదీ చెప్పండి. సువాసన సబ్బు మానడంతో, వదులైన నూలు లోదుస్తులతో తగ్గేవి చాలా ఉంటాయి.

క్లినిక్ వారు అడ్వాన్సు అడుగుతున్నారని వ్రాశారు. కట్టకండి. గాజులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి కదా, నికాహ్ నాడు చేతులకు వేసుకోండి.